ఆరబెట్టే గదిలో సాధన

దుప్పటి మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస. ఎదుటి మనిషి ఎటు లాగితే అటు పోవాలి, ఎప్పుడు వదిలితే అప్పుడు వదలాలి. లేకపోతే మడత వంకరపోతుంది, మళ్ళీ విప్పుకోవాలి. లాండ్రీలో నేను చాలామందితో దుప్పట్లు మడిచాను. కొందరు తగువు పడుతున్నట్టు లాగుతారు. కొందరు కబుర్లలో పడి కొస జారవిడుస్తారు. మా అక్క కూతురు మాత్రం పనిలో చేరిన మొదటి రోజే నా చేతిలో చేయి అయిపోయింది. నేను నోరు తెరిచి ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఎదుటి మనిషిని అంత బాగా అనుసరించే పిల్లని నేను చూడలేదు. ఆ గుణమే దాని కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు.

దానికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గాని, బడిలో హాజరు పిలవడానికి తప్ప ఎవరూ వాడలేదు. ఇంట్లో దాని పేరు మొండి. చిన్నప్పుడు బూట్ల తాళ్ళు కట్టుకోవడం తనంతట తనే నేర్చుకుంటానని మెట్ల మీద కూర్చుంది. వాళ్ళమ్మ కడతానంటే కాళ్ళు వెనక్కి లాక్కుంది. ముడి పడేదాకా లేవలేదు, ఆ రోజు బడి ఎగిరిపోయింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆ మాట అన్నవాడికి మా మొండి గురించి తెలియదు, తెలిస్తే ఇంకోసారి ఆలోచించుకునేవాడు.

వాళ్ళ వీధి చివర ఒక హాలుంది. అందులో పెళ్ళిళ్ళు జరుగుతాయి, మీటింగులు జరుగుతాయి, ఏవీ లేనప్పుడు పిల్లలు టేబుల్ టెన్నిస్ ఆడతారు. వారంలో రెండు సాయంత్రాలు అక్కడ ఒక పెద్దాయన ఉచితంగా వయొలిన్ నేర్పేవాడు. పూర్వం ఏదో పెద్ద వాద్య బృందంలో వాయించాడట, భుజం పాడై మానేశాడట. అందరూ ఆయన్ని మాస్టారనేవారు. తల్లులకి సంగీతం మీద ప్రేమ ఏమీ లేదు. ఆ రెండు సాయంత్రాలైనా పిల్లలు రోడ్డు మీద పడకుండా ఉంటారని పంపేవారు. మా అక్కదీ అదే ఆలోచన. వెళ్ళిన పిల్లల్లో చాలామంది మెడ నొప్పని, చేయి నొప్పని, ఆఖరికి మాస్టారి నోటి వాసనని కూడా సాకు చెప్పి ఒక్కొక్కరే జారుకున్నారు. మొండి మిగిలింది. మళ్ళీ కొత్త పిల్లలు వచ్చారు, వాళ్ళూ జారుకున్నారు. మొండి అలాగే ఉంది.

వయొలిన్లు హాలువి. పిల్లలు అక్కడే తీసుకుని అక్కడే పెట్టేయాలి. మ్యూజిక్ కాలేజీ సెలక్షన్‌కి ఎప్పటికైనా పంపొచ్చనుకున్న పిల్లలకి మాత్రం ఒకటి ఇంటికి ఇస్తారు, అలా మొండికీ ఒకటి వచ్చింది. సీటు వస్తే కాలేజీ వాళ్ళే వాద్యం ఇస్తారు, ఉండటానికి గది ఇస్తారు, చదువు ఉచితం. రాకపోతే హాలు వయొలిన్ హాలుకి తిరిగి ఇచ్చేయాలి, వరసలో ఉన్న ఇంకో పిల్లకి పోతుంది. మొండి వయసుకి అదే ఆఖరి అవకాశం, మరుసటి ఏడు దరఖాస్తు కూడా తీసుకోరు. అంటే కథ చాలా సూటిగా ఉంది. సీటు వస్తే వయొలిన్, రాకపోతే దుప్పట్లు.

సంగీతం గురించి నాకు తెలిసింది సున్నా. కానీ మాస్టారు దానికి సాధన ఎలా చేయాలో చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే అది దుప్పట్లు మడుస్తూ రోజూ నాకు అప్పజెప్పేది. ఎన్ని గంటలు వాయించామన్నది లెక్క కాదట. తప్పు వచ్చిన చోట ఆగాలట, మళ్ళీ మొదటికి పోకూడదట, మొదలు ఎలాగూ వచ్చు కాబట్టి. రాని రెండు స్వరాలు పట్టుకుని, అన్నం ముద్ద నమిలినట్టు నెమ్మదిగా నమలాలట. వేగం తర్వాత దానంతటదే వస్తుందట. చేయి అలిసిపోతే కమాను కింద పెట్టేయాలట, అలిసిన చేయి తప్పునే నేర్చుకుంటుందట. అన్నిటికంటే ముఖ్యంగా, వాయించేదానికంటే ఎక్కువ వినాలట.

ఇవన్నీ మొండి అక్షరం పొల్లుపోకుండా చేసింది. ఏదైనా మడత పదేపదే తేడా వస్తే ఆ ఒక్క మడతే నాతో పదిసార్లు వేయించేది. ఇలా కూడా సాధన చేయొచ్చు పిన్నీ అనేది. నాకు నవ్వొచ్చేది, లోపల గర్వంగా కూడా ఉండేది.

మాస్టారు చెప్పిన ఇంకో మాట ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, తలుపేసుకుని, ఒక్కదానివే కూర్చుని వాయించమన్నాడు.

ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మంచివాడే, కాదనను. కానీ నిశ్శబ్దంగా ఉన్న గది అంటే కూరలో చిటికెడు ఉప్పు అన్నంత తేలిగ్గా అన్నాడు. మా అక్క వాళ్ళ ఇల్లు రెండు గదులు. మా బావ రాత్రి బస్సు నడుపుతాడు, పొద్దున వచ్చి తెర వేసుకుని సాయంత్రం దాకా పడుకుంటాడు. ఆయన నిద్ర చెడితే రాత్రి స్టీరింగు ముందు కునుకు పడుతుంది, బస్సు నిండా జనం. కాబట్టి పగలు ఆ ఇంట్లో చెంచా కింద పడితే అందరం ఊపిరి బిగబట్టే వాళ్ళం. సాయంత్రం ఆయన డ్యూటీకి వెళ్ళాక వాయించుకుందామంటే గోడ అవతల గుండె జబ్బు ముసలాయన. మొండి కమాను తీగ మీద ఆనించగానే ఆయన భార్య గరిటెతో గోడ మీద కొట్టేది. ఆవిడ తాళం మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

డాబా మీద వాయించి చూసింది, గాలికి శబ్దమంతా ఎటో కొట్టుకుపోయింది, కింద ఇంటివాళ్ళు డాబా తలుపుకి తాళం వేశారు. మెట్ల కింద వాయించింది, అక్కడ గోడలు మారుమోగుతుంటే తనే పెద్ద విద్వాంసురాలిలా అనిపించిందట, రెండో రోజుకే తిట్లు పడ్డాయి. పార్కులో బెంచీ మీద కూర్చుంటే ఎవరో ముందు చిల్లర వేసి పోయారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. నేను చూసిన ఏడుపుల్లో అది చిన్నదే.

అప్పుడు దొరికింది ఆరబెట్టే గది.

మా లాండ్రీకి ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ బండ్లకొద్దీ బట్టలొస్తాయి. అన్నిటికీ పెద్ద డ్రయ్యరు ఒక్కటే. దాని నోట్లో మనిషి కూర్చోవచ్చు, పెట్టిన టైము కాగానే గంట మోగిస్తుంది. దాని వెనక చిన్న గది, అందులో విరిగిన ఇస్త్రీ బల్లలు, పనికిరాని బుట్టలు. ఓనరు దాన్ని ఎవరికీ ఇవ్వడు, ఎవరూ అడగరు కూడా, వేసవిలో అందులో కోడిగుడ్డు పెడితే ఉడికిపోతుంది. మొండి అడిగింది. పని అయ్యాక అక్కడ వాయించుకోవచ్చా అని. ఓనరు నావైపు చూశాడు. నేను తల ఊపాను. డ్రయ్యరు మోతలో నీ గోల ఎవరికి వినపడుతుందిలే, వాయించుకో అన్నాడు.

అది మహా సంబరపడింది. చలికాలంలో మిగతా పిల్లల వేళ్ళు కొంకర్లు పోయేవి, దీని వేళ్ళు వెచ్చగా ఉండేవి. ముందు వైపు నేనూ ఇంకొందరం రెండో షిఫ్టు పనిలో ఉండేవాళ్ళం, వెనక అది వాయించుకుంటూ ఉండేది. డ్రయ్యరు మా చెవికి ఒకే తీరున ఊఁ అని మోగుతూ ఉండేది. గోడలోంచి ఆ మోతతో కలిసి దాని వయొలిన్ లీలగా వినిపిస్తే చేతులు వాటంతటవే కదిలేవి. ఒక్కోసారి అందరం మాటలాపేసి వినేవాళ్ళం. ఇప్పుడు చెబుతున్నా, మా లాండ్రీలో అంతకంటే మంచి రోజులు రాలేదు.

ఒకరోజు నేను అడిగాను, మాస్టారు నిశ్శబ్దం కావాలన్నాడు కదే, ఈ మోతలో ఎలా అని. అది ఆలోచించి పెట్టుకున్నట్టే ఉంది, వెంటనే చెప్పింది.

"ఆ మోత కూడా ఓ స్వరమే పిన్నీ. నేను తప్పుగా వాయిస్తే దానికీ నాకూ పడదు, చెవిలో గీసుకున్నట్టు ఉంటుంది. వెంటనే సర్దుకుంటా. ఉత్త గదిలో అయితే నన్ను సరిదిద్దేవాళ్ళు ఎవరు?"

నాకు అది చాలా తెలివైన మాటలా తోచింది. ఇప్పటికీ అలాగే తోస్తుంది, అదే బాధ. పాపం, అది దొరికిన చోటులో కూర్చోలేదు, దొరికిన చోటుని గురువుని చేసుకుంది.

హాల్లో మాస్టారు పద్ధతి వేరు. పిల్లల పక్కన కూర్చుని తనూ వాయిస్తూ నేర్పేవాడు. ఆయన పక్కన వాయించినంతసేపూ మొండి స్వరం పొల్లుపోకుండా వాయించేది. ఇంత మంచి చెవి ఉన్న పిల్ల నాకు దొరకలేదని ఆయన మా అక్కతో అన్నాడు. ఒకసారి సాధన ఎలా సాగుతోందో వినిపించమంటే, ఆరబెట్టే గదిలో వాయించినది కాస్త ఫోనులో పట్టి తీసుకెళ్ళింది. ఆయన విని నవ్వాడట. మీ మిషను కూడా శ్రుతిలోనే ఉందే అన్నాడట. ఆ మాట అది ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. బావ బస్సు డిపోలో చెప్పాడు. నేను లాండ్రీలో చెప్పాను. ఓనరు ఆ రోజంతా డ్రయ్యరుని ప్రేమగా తట్టాడు.

సెలక్షన్ రోజు దానికి తోడు నేను వెళ్ళాను. అక్క తను చూడలేనంది, బావకి డ్యూటీ దిగి నిద్ర. బట్టలు నేనే ఇస్త్రీ చేశాను, ఆ ఒక్క విద్యలో నాకెవరూ సాటి రారు కాబట్టి. కాలేజీ వరండాలో చాలామంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, నేలంతా వాద్యాల పెట్టెలు. మొండి ఎవరివైపూ చూడలేదు. వేళ్ళు గాల్లో ఆడిస్తూ కూర్చుంది. భయంగా ఉందా అని అడిగితే లేదంది. నిజంగానే లేదు. చేసే పని బాగా వచ్చిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

తోడు వచ్చినవాళ్ళు కూడా లోపల వెనక కుర్చీల్లో కూర్చోవచ్చన్నారు. లోపలికి వెళ్ళగానే నాకు చెవుల్లో ఏదో అయినట్టనిపించింది. కింద మందపాటి తివాచీ, గోడలకి మెత్తటి పలకలు, కిటికీలకి బరువైన తెరలు. నా కడుపులో గుడగుడ నాకే వినిపించింది. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ ఎరగను. మొండి కూడా ఎరగదు. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు, మధ్యలో నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ. ఒంటరిగా, పక్కవాద్యం లేకుండా ఒక నెమ్మదైన పాట వాయించమన్నారు.

మొదలు బాగానే పెట్టింది. పెద్దావిడ తల కూడా ఊపింది. నేను నా సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కాసేపయ్యాక ఏదో తేడాగా అనిపించింది. తేడా ఏమిటో చెప్పమంటే నాకు రాదు, పాట మెట్లెక్కి పోతున్నట్టు ఉంది, అంతే. పెద్దావిడ తల ఊపడం ఆగిపోయింది. పక్కాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మొండి కళ్ళు మూసుకుని వాయిస్తోంది, అదేమీ చూడలేదు. పాట అయ్యాక కళ్ళు తెరిచి, వాళ్ళు మెచ్చుకుంటారని చిన్నగా నవ్వింది.

పెద్దావిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నువ్వు ముగించిన స్వరం మీద వేలు అలాగే ఉంచు, ఇప్పుడు పక్కన వేలు పెట్టని ఉత్త తీగ మోగించు అంది. మొండి మోగించింది. ఆ రెండూ కలవలేదు. నాలాంటి దానికే తెలిసింది కలవలేదని. మొండి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

ఇంకోసారి వాయిస్తానంది. సరే అన్నారు. ఈసారి కళ్ళు తెరిచే వాయించింది. అయినా అదే తంతు, బయల్దేరిన చోటు నుంచి కొంచెం కొంచెంగా పైకి పాకిపోయింది. మధ్యలో దానికే తెలిసి ఆగిపోయింది. కమాను దించింది. పైకి చూసింది. సీలింగు ఫ్యాను ఆపి ఉంది.

"ఆ ఫ్యాను వేస్తారాండీ?" అని అడిగింది.

ఉక్కపోస్తోందనుకున్నారు వాళ్ళు. ఒకాయన లేచి వేశాడు. ఫ్యాను టకటకమంటూ తిరగడం మొదలుపెట్టింది. మొండి ఒక్క క్షణం దాని మోత విని, కమాను ఎత్తింది. నాకు అప్పుడు అర్థమైంది అది ఏం చేస్తోందో. లేచి ఆపుదామనుకునేలోపే మొదలుపెట్టేసింది. అది ఆ ఫ్యానుతో శ్రుతి కలుపుకుంది. ఫ్యాను ఎటు పోతే అటు పోయింది. ఎదుటి మనిషి దుప్పటి లాగినట్టు ఫ్యాను దాన్ని లాక్కుపోయింది. బల్ల చివర కూర్చున్న ఆయన తల దించుకున్నాడు.

పెద్దావిడ చేయెత్తి ఆపి, నువ్వు ఎక్కడ సాధన చేస్తావమ్మా అని అడిగింది. మొండి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లాండ్రీలో, డ్రయ్యరు వెనక గదిలో అని. ఎవరూ నవ్వలేదు. పెద్దావిడ నెమ్మదిగా వివరించింది. వయొలిన్ మీద వీణకున్నట్టు మెట్లు ఉండవట, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలట. తడి బట్టలు వేసినప్పుడు మిషను బరువుగా తిరుగుతుంది, బట్టలు ఆరేకొద్దీ తేలికై మోత పైకి పోతుంది. రోజూ దానితోపాటు ఈ పిల్ల వేళ్ళు కూడా పైకి జరుగుతూ వచ్చాయట. ఇన్నేళ్ళూ అది తప్పు వాయించలేదట. తప్పుగా ఉన్నదానితో సరిగ్గా వాయించిందట.

"నీ చెవి చెడ్డది కాదు," అంది ఆఖరికి. "మంచిది కాబట్టే ఇలా అయింది. చెవి లేని పిల్లకి ఆ మిషను ఏమీ నేర్పగలిగేది కాదు."

మొండి వంగి నమస్కారం పెట్టి, వయొలిన్ పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసింది. తిరిగి ఇంటికి బస్సెక్కాం. బస్సు ఇంజను మోగుతూ ఉంటే రెండు చెవులూ చేతులతో మూసుకుంది. నేను దాని భుజం పట్టుకుని కూర్చున్నాను. అభ్యాసం కూసు విద్య అని మా చిన్నప్పుడు బడి గోడ మీద రాసి ఉండేది. ఏది అభ్యాసం చేస్తే అదే విద్య అవుతుందని, తప్పు చేస్తే తప్పే విద్య అవుతుందని ఆ గోడ మీద ఎవరూ రాయలేదు.

మేం వెళ్ళి చెబితే మాస్టారు హాల్లో స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. తను పక్కన వాయించకుండా ఒక్కసారైనా దాన్ని ఒంటరిగా వినలేదని అప్పుడు ఆయనకు గుర్తొచ్చింది. మీ మిషను శ్రుతిలోనే ఉందన్న మాట కూడా గుర్తొచ్చింది కాబోలు, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. సరిచేసుకోవచ్చా అని నేను గట్టిగానే అడిగాను. చేసుకోవచ్చన్నాడు. కొత్తగా నేర్చుకునేదాని కంటే వేసిన ముడి విప్పడానికి ఎక్కువ కాలం పడుతుందన్నాడు. ఆ కాలం మాకు లేదని ఆయనకీ తెలుసు. వయొలిన్ వెంటనే అడగలేదు, కొన్నాళ్ళు ఉంచుకోమన్నాడు. వరసలో ఉన్న పిల్ల తల్లి మాత్రం అప్పటికే వచ్చి అడిగి వెళ్ళిందట.

ఆ ఆదివారం మా బావ ఒక పని చేశాడు. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడే మనిషి కాదాయన. డ్యూటీ నుంచి వచ్చి పడుకోలేదు. గోడ అవతలి ముసలాయన్ని, ఆయన భార్యని బతిమాలి, వాళ్ళని మా ఇంటికి భోజనానికి పంపాడు. అక్క చేత గడియారంలో బ్యాటరీ తీయించాడు. కుళాయి కారుతుంటే కింద గుడ్డ పెట్టాడు. తర్వాత అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, తను మెట్ల మీద కూర్చుని, పైకి వచ్చేవాళ్ళని వేలు పెదవి మీద పెట్టుకుని ఆపాడు. రాత్రంతా బస్సు నడిపిన మనిషి, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో మొదటిసారి నిశ్శబ్దమైన గది ఏర్పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే, అయినా ఆయన పట్టుకున్నాడు.

వాళ్ళకి వడ్డించి నేను తిరిగొచ్చి అక్క పక్కన మెట్ల మీద కూర్చునేసరికి లోపల నుంచి ఒక స్వరం వినిపించింది. పొడుగ్గా, నెమ్మదిగా. ఆగింది. మళ్ళీ అదే స్వరం, కొంచెం పక్కగా. మళ్ళీ ఆగింది. మళ్ళీ. అది పాట కాదు. కళ్ళు కనపడని మనిషి గోడ తడుముకుంటూ తలుపు వెతుక్కున్నట్టు ఉంది. చాలాసేపు అలాగే సాగి, తర్వాత ఏమీ వినపడలేదు. బావ లేచి తలుపు తీశాడు. మొండి మంచం అంచున కూర్చుని ఉంది, వయొలిన్ ఒళ్ళో ఉంది.

"వినపడుతోంది నాన్నా," అంది. "ఇప్పుడు వినపడుతోంది. అన్నీ తప్పే."

బావ దాని పక్కన కూర్చున్నాడు. కూర్చున్నచోటే గోడకి తల ఆనించి నిద్రపోయాడు. అది ఆయన్ని లేపకుండా లేచి పెట్టె మూత వేసింది.

మర్నాడు తనే హాలుకి తీసుకెళ్ళి ఇచ్చేసింది. వరసలో ఉన్న పిల్ల అక్కడే ఉందట, చిన్నది, ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయట. కమాను ఎలా పట్టుకోవాలో మొండే చూపించిందట. ఇంటికి తీసుకెళ్ళి వాయించుకో, ఏ మోతా లేని చోట వాయించుకో అని చెప్పిందట. మా ఇల్లు రైలు పట్టాల పక్కన అక్కా అందట ఆ పిల్ల. ఇది చెప్పినప్పుడు మొండి నవ్వింది. సెలక్షన్ తర్వాత అది నవ్వడం అదే మొదలు, ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ దుప్పట్లలో పడ్డాం. ఆ కొస అది, ఈ కొస నేను. మడతలు ఎప్పట్లాగే తిన్నగా వస్తున్నాయి. వెనక గదిలో ఓనరు కొత్త సబ్బు డబ్బాలు పేర్చాడు. సంగీతం మాట నేను ఎత్తలేదు, అది ఎత్తలేదు. పుండు మీద కారం చల్లడం ఎందుకని మిగతావాళ్ళు కూడా ఊరుకున్నారు. కొంతకాలానికి అది బాగానే ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఒక మధ్యాహ్నం దుప్పటి సగం మడిచి ఉండగా అది ఆగిపోయింది. నేను కొస లాగాను, రాలేదు. ఏంటే అన్నాను. అది డ్రయ్యరు వైపు చూస్తోంది.

"ఆరిపోయాయి పిన్నీ."

మిషను గంట ఇంకా మోగలేదు కదా, ఎలా తెలుసు అన్నాను. దుప్పటి నా చేతిలో వదిలేసి వెళ్ళి మిషను ఆపి తలుపు తీసింది. నేనూ వెళ్ళి చేయి పెట్టి చూశాను. పొడిపొడిగా, వెచ్చగా, ఒక్క అంచు కూడా తడి లేకుండా ఆరిపోయి ఉన్నాయి. మోత ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో దానికి తెలుస్తోందట. ఆరడానికి ఒక స్వరం ఉందట, అక్కడికి రాగానే తెలిసిపోతుందట. రోజంతా వినపడుతూనే ఉందట, ఇంటికి వెళ్ళి పడుకున్నా వినపడుతోందట. వద్దనుకున్నా ఆపడం రావడం లేదంది. ఇది చెబుతున్నప్పుడు దాని గొంతులో ఏమీ లేదు, ఎవరో బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది.

ఓనరు రెండు రోజులు పరీక్షించాడు. గంట మోగకముందే అది ఆపిన ప్రతిసారీ బట్టలు సరిగ్గా ఆరి ఉన్నాయి. కరెంటు ఎంత కలిసొస్తుందో, దుప్పట్లు ఎంత మెత్తగా ఉంటాయో ఆయన వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. సంగీతం నేర్చుకోవడం ఊరికే పోలేదన్నాడు నాతో. ఆయన మనసులో ఏ చెడూ లేదు. నేను ఇస్త్రీ పెట్టె కింద పెట్టి బయటికి వెళ్ళి నిలబడ్డాను, లేకపోతే ఆయన్ని ఏమనేదాన్నో నాకే తెలియదు.

ఇప్పుడు నాతో దుప్పట్లు మడవడానికి వేరే మనిషి వచ్చింది. కబుర్లు ఎక్కువ, కొస జారవిడుస్తుంది. మొండిని పర్మనెంటు చేసి డ్రయ్యరు దగ్గర వేశారు. దానికో స్టూలు కూడా ఇచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మిషనుకి చెవి పెట్టి కూర్చుంటుంది. గంట తీసేశారు, ఇక దానితో పని లేదు.